కుప్పం నుంచి నడిచొచ్చిన గుర్రం

పోయిన నెల పెన్షను పని మీద బ్యాంకుకు పోతూ మదనపల్లె బజారులో ఆటోలో ఇరుక్కుపోయాను. ఎదురుగా పట్టపగలే పెళ్ళి ఊరేగింపు. వెనక వ్యాను మీది సౌండు పెట్టెల్లోంచి చెవులు చిల్లులు పడే పాట, ముందు ఒక తెల్ల గుర్రం, దాని మీద తలపాగా కింద చెమటలు కక్కుతున్న పెళ్ళికొడుకు. అందరూ పెళ్ళికొడుకును చూస్తున్నారు, నేను గుర్రం చెవులు చూస్తున్నాను. ఒక చెవి ముందుకు, ఇంకొకటి మా ఆటో వైపు తిరిగి ఉంది. భుజం మీద చర్మం ఈగ వాలినప్పటిలా సన్నగా వణుకుతోంది. ఈగ మాత్రం లేదు. ఆటో డ్రైవరును కాసేపు ఇంజను ఆపమన్నాను. అతను అద్దంలోంచి నన్నొక చూపు చూసి, ముసలామెతో వాదన ఎందుకనుకున్నాడేమో, ఆపాడు. అంత గోలలో ఒక ఆటో ఆగినందువల్ల ఆ గుర్రానికి ఒరిగిందేమీ లేదని నాకూ తెలుసు. అది దాటిపోయింది. నా కుడి భుజంలో పాత నొప్పి మాత్రం బ్యాంకు దాకా సలుపుతూనే ఉంది. ఆ నొప్పి ఒక గుర్రం వల్ల వచ్చిందని మా పిల్లలకు నేనే చెప్పాను. అది పూర్తిగా నిజం కాదని వాళ్ళకు ఇంతవరకూ చెప్పలేదు.

ఆ గుర్రం మా మామది. మామంటే మా అమ్మకు అన్న. పుంగనూరు నుంచి పెద్దపంజాణి వైపు పోయే దారిలో ఒక పల్లెలో ఆయనకు కొంత మెట్ట చేను, ఒక బావి, రెండు ఎద్దులు, నడుమెత్తు మాత్రమే ఉండి ఇంటిల్లిపాదినీ అదిలించే ఒక పుంగనూరు ఆవు ఉండేవి. వర్షం పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం చూడడం ఆయన వ్యవసాయం. వయసులో ఉన్నప్పుడు తండ్రితో పోట్లాడి ఇల్లు వదిలి, మదనపల్లెలో రెండేళ్ళు జట్కా తోలాడట. ఆ రెండేళ్ళను మా అత్త "ఆయన చెడిపోయిన కాలం" అనేది. మామ మాత్రం ఆ మాట వినగానే మీసం కింద నవ్వుకునేవాడు. మళ్ళీ ఎప్పటికైనా చెడిపోవాలని ఆయనకు లోపల కోరిక ఉండేదని నా అనుమానం.

ఆ అవకాశం నా వల్ల వచ్చింది. డెబ్బైల నడిమి రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. మాది బి.కొత్తకోట పక్కన. టీచరు ఉద్యోగం వస్తే, మామ ఊరికి మూడు మైళ్ళ అవతల ఒక ఏకోపాధ్యాయ పాఠశాలకు వేశారు. అక్కడికి బస్సు లేదు. మా నాన్న నన్ను తెచ్చి మామ ఇంట్లో వదిలిపోయాడు. రోజూ ఎండలో నడిచి పోయి, నడిచి వచ్చి, వచ్చాక అత్త పెట్టే సంగటి తినడానికి కూడా ఓపిక లేక గోడకు ఆనుకునేదాన్ని. మామ రెండు నెలలు అది చూశాడు. ఎద్దులబండిలో పంపితే చేనుపని ఆగుతుంది, సైకిలు నాకు రాదు. ఒకరోజు కుప్పంలో బంధువుల ఇంట్లో ఏదో శుభకార్యముందని వెళ్ళాడు. మర్నాడు రావలసిన మనిషి అయిదో రోజు సాయంత్రం వచ్చాడు, దుమ్ముతో తల నెరిసిపోయి, పక్కన ఒక గుర్రంతో. కుప్పం స్టేషను దగ్గర ఒక జట్కా మనిషి దాన్ని ఎవరికైనా అంటగట్టాలని చూస్తుంటే మామ కంట పడిందట. లారీ ఎక్కించబోతే ఎక్కనందట. అందుకని పలమనేరు మీదుగా నాలుగు రోజులు నడిపించుకొచ్చాడు. అప్పటికే ఆయన కోసం రెండు పూటలు ఏడ్చి ఉన్న అత్త, గుర్రాన్ని చూసి కళ్ళు తుడుచుకుని అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"యాల ఇది? దున్నేదానికా, పిండేదానికా?"

గోధుమ రంగు ఆడగుర్రం. డొక్కలు తేలి ఉండేది. వెనక కాలొకటి సాక్సు తొడిగినట్టు తెల్లగా ఉండేది. కళ్ళు మాత్రం పెద్దవి, ఎప్పుడూ ఎక్కడో ఏదో జరగబోతోందన్నట్టు చూసేవి. దాని భయాలకు లెక్క లేదు. గోనెసంచి, కోడిపుంజు, గాలికి కొట్టుకునే తలుపు, దండెం మీద ఆరేసిన అత్త చీర, నీళ్ళతొట్టిలో తన నీడ, అన్నిటికీ బెదిరేది. మామ కండువా దులిపితే నాలుగు గజాలు వెనక్కు ఎగిరేది. ఎవరైనా ముఖం మీద నిమరబోతే తల పైకెత్తి, కళ్ళలో తెల్లగుడ్డు చూపించేది. ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి, రెండు దెబ్బలు వేస్తే దారికొస్తుందని సలహా ఇచ్చి, తాంబూలం వేసుకుని పోయేవాళ్ళు.

మామ మొదటి పదిరోజులు ఏమీ చేయలేదు. నిజంగానే ఏమీ చేయలేదు. కొట్టంలో దానికి అందనంత దూరంలో, దానివైపు వీపు పెట్టి కూర్చుని, విత్తనానికి వేరుశనగ కాయలు వొలిచేవాడు. చేట నిండగానే లేచి వచ్చేసేవాడు. ఆ కాయలు ఇంట్లో కూర్చుని వొలవకూడదా అని అత్త అడిగితే, ఈడయితే నీ మాటలు వినల్ల, ఆడ దాని ఊపిరి వినొచ్చు అన్నాడట. నాలుగైదు రోజులకు గుర్రం నేల వాసన చూస్తూ ఒక అడుగు ముందుకు వేసింది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఆయన భుజం మీది కండువా వాసన చూసింది. మామ తిరగలేదు. వొలుస్తూనే ఉన్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు, ఆయన చేతుల్లో కాయ పగిలే చప్పుడు కూడా నెమ్మదించడం తెలిసింది.

తర్వాత ఆయన దగ్గర నేను నేర్చుకున్నవన్నీ చిన్న చిన్న సంగతులే. ఎదురుగా పోకూడదు, భుజం పక్క నుంచి పోవాలి, ఎందుకంటే దాని ముక్కు ముందున్నది దానికే కనబడదు. ముఖం తట్టకూడదు, మెడా వీపూ కలిసేచోట వేళ్ళతో గోకాలి, గుర్రాలు ఒకదానికొకటి అక్కడే గోక్కుంటాయి. తల పైకెత్తిందంటే ఇంకా భయంలో ఉందన్నమాట. తల దించి, పెదవులు నాకి, ఉత్త నోరు నమిలిందంటే భయం దిగిపోయిందన్నమాట. అంతదాకా మనకు వేరే పని లేదు. గోనెసంచి భయం పోగొట్టడానికి దాని ఉలవల తొట్టికి పది గజాల అవతల ఒక సంచి వేలాడగట్టి, రోజుకొక జానెడు దగ్గరికి జరిపాడు. ఒకరోజు ఆత్రపడి రెండు జానెలు జరిపి, అది తినకుండా నిలబడిపోతే, తనే తప్పు చేసినట్టు సంచిని మొదటి చోటికి మార్చి మళ్ళీ మొదలుపెట్టాడు.

నా గొడుగు బాధ్యత నాకే అప్పగించాడు. నల్లగొడుగు లేకుండా నేను బడికి పోలేను, గొడుగు తెరిస్తే గుర్రం ఉండలేదు. రోజూ సాయంత్రం అది మేత తింటుంటే దూరంగా నిలబడి మూసిన గొడుగు చూపించేదాన్ని. తర్వాత ఒక వేలెడు తెరిచి మూసేదాన్ని. తర్వాత బెత్తెడు. నెలన్నర పట్టింది. పూర్తిగా విప్పిన గొడుగు కింద దాని తలా నా తలా పక్కపక్కన పెట్టుకుని నిలబడిన రోజున నాకు ఉద్యోగపు ఆర్డరు వచ్చినప్పటికన్నా ఎక్కువ గర్వంగా అనిపించింది. మామ దానికి పేరంటూ పెట్టలేదు. నన్ను పిలిచినట్టే దాన్నీ "అమ్మణ్ణీ" అనేవాడు. ఆయన వాకిట్లోంచి పిలిస్తే ఇద్దరం తల తిప్పేవాళ్ళం. అత్త నవ్వీ నవ్వీ పొరబోయేది.

మదనపల్లెలో ఒక పాత జట్కాబండి దొరికింది. దాన్ని కట్టి రోడ్డెక్కడానికి ఇంకో రెండు నెలలు. బండితో పాటు ఒక చెర్నాకోల కూడా వచ్చింది. అది లేకపోతే బండి బోసిగా ఉంటుందని మామ దాన్ని పక్కనున్న గొట్టంలోనే ఉంచాడు గానీ, వెంటపడే కుక్కలను అదిలించడానికి తప్ప దాన్ని ముట్టింది లేదు. దారిలో ఒక తెల్ల హద్దురాయి ఉండేది. పొద్దున దాని ముందు నిలబడి, చూసి, తల దించి, దాటేది. సాయంత్రం వచ్చేటప్పుడు అదే రాయికి మళ్ళీ కొత్తగా బెదిరేది. దీనికి జ్ఞాపకమే లేదా అని నేను విసుక్కుంటే మామ పగ్గాలు వదులు చేసి, తీరిగ్గా చెప్పాడు.

"పోయేటప్పుడు ఎడమకన్ను చూసింది అమ్మణ్ణీ. ఇప్పుడు కుడికన్ను చూస్తాండాది. ఆ కంటికి ఇది కొత్త రాయి. ఒక కన్ను చూసిన సంగతి ఇంకో కంటికి చెప్పుకోవల్ల గదా. అంతవరకు మనం నిలబడల్ల, అంతే."

ఆయన మాటల్లో నాకు అన్నిటికన్నా కష్టమైనది ఈ నిలబడడమే. గుర్రం ఊరికే బెదరదని, మనం చూడనిది అది చూసి ఉంటుందని, కారణం వెతకడం మన వంతని ఆయన నమ్మకం. ఏడాది గడిచేసరికి ఆయన పక్కన కూర్చుని ఉంటే నేనే తోలేదాన్ని. నా చేతుల్లో బిగువు పగ్గం గుండా దానికి తెలుస్తుందని, నేను ఊపిరి వదిలితే అదీ వదులుతుందని నాకు అర్థమైంది. దాని డొక్కలు నిండాయి, జూలు నిగనిగలాడింది. చుట్టుపక్కల పల్లెల నుంచి కాడి మోయని ఎద్దునో, దగ్గరికి రానివ్వని ఆవునో పట్టుకుని మామ దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన వాటి పక్కన వీపు పెట్టి కూర్చునేవాడు. అత్తకు కూడా ఆ గౌరవం నచ్చింది. రోజూ సాయంత్రం ఉలవలు తనే నానబెట్టేది, తిట్టుకుంటూనే.

రెండో ఏడాది వానాకాలం. మామ ఎవరినో ఆసుపత్రిలో చూడడానికి మదనపల్లె వెళ్తూ, తాను తిరిగి వచ్చేదాకా బండి కట్టొద్దని, రెండు రోజులు నడిచి పొమ్మని నాతో చెప్పాడు. మర్నాడు మా బడికి ఇన్‌స్పెక్షను. తెల్లవారుజామున వాన పట్టుకుని ఎనిమిది దాకా వదల్లేదు. నడిచి పోతే ఆలస్యం, పైగా చీరంతా బురద. బండి కట్టుకుపొమ్మని మామ చెప్పాడని అత్తతో అన్నాను. ఆమె నమ్మి, పట్టీలు బిగించడానికి సాయం వచ్చింది. గుర్రం బుద్ధిగా నిలబడింది. ఊరు దాటి, హద్దురాయి దాటి, నేను అనుకున్నదానికన్నా బాగా పోయింది. నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

బడి ఉన్న ఊరు ఇంకో అరమైలుందనగా రోడ్డు కింద నీళ్ళు పోయే ఒక మోరీ ఉండేది. దాని పక్క తుమ్మకంపకు ఎరువు మూటలోని ప్లాస్టిక్కు కాగితం ఒకటి, గాలికి ఎగిరొచ్చి తగులుకుంది. తడిసి, గాలికి ఉబ్బి, టపటపమని కొట్టుకుంటోంది. గుర్రం నిలబడిపోయింది. తల ఎత్తింది. చెవులు రెండూ దాని మీదే. నేనేం చేయాలో నాకు బాగా తెలుసు. పగ్గాలు వదిలి, ఊపిరి వదిలి, కూర్చోవాలి. చూస్తుంది, తల దించుతుంది, నోరు నములుతుంది, దాటుతుంది. మహా అయితే రెండు నిమిషాలు. కానీ ఇన్‌స్పెక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు, పిల్లలు నా కోసం దారి చూస్తున్నట్టు నా కళ్ళ ముందు ఆడుతోంది. పగ్గాలు బిగించి అదిలించాను. ఒక అడుగు వెనక్కు వేసింది. మళ్ళీ అదిలించాను. ఇంకో అడుగు వెనక్కు. అప్పుడు నా చెయ్యి గొట్టంలోని చెర్నాకోల మీదికి పోయింది. ఆలోచించి తీశానని చెప్పలేను, ఆలోచించకుండా తీశాననీ చెప్పలేను. ఒక్కటే దెబ్బ. నాకు కొట్టడం కూడా రాదు. వీపు మీద పడవలసింది ముఖం మీద, ఎడమ కంటి కింద పడింది.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు. బండి పక్కకు లేవడం, చక్రం మోరీ అంచు దిగడం, నేను బురదలో పడడం, భుజంలో ఏదో విరిగిన చప్పుడు. గుర్రం విరిగిన బండి నొగ ఈడ్చుకుంటూ కలబంద కంచెలోంచి దూరి, తిన్నగా ఆ ఊరి వీధిలోకి పరుగెత్తింది. ఇన్‌స్పెక్షను కదా అని పిల్లలు తలలు దువ్వుకుని బడి బయట అరుగు ముందు వరసగా కూర్చుని ఉన్నారు. ఆ వరసకు నాలుగడుగుల పక్కగా అది దూసుకుపోయిందట. ఎవరికీ ఏమీ కాలేదు. తల్లులు మాత్రం అందరూ చూశారు. ఇంతకూ ఇన్‌స్పెక్టరు ఆ రోజు రానే లేదు. వాన పడిందని.

పుంగనూరులో ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని పడుకుని ఉంటే, మర్నాడు మధ్యాహ్నం మామ వచ్చాడు. చెప్పినమాట వినలేదని ఒక్క ముక్క అనలేదు. నా తల నిమిరి, పక్కన స్టూలు మీద కూర్చుని అడిగాడు.

"ఏమి చూసిందమ్మా అది?"

ఆ ప్లాస్టిక్కు కాగితం సంగతి చెప్పవచ్చు. కానీ అది చెబితే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. చూసి నిలబడిందా? నిలబడితే నువ్వేం చేసినావు? ఆ రెండో ప్రశ్నకు భయపడి మొదటిదానికే తలుపు మూశాను. "ఏమీ లేదు మామా. ఉన్నట్టుండి లేచింది" అన్నాను.

"కొట్టినావా?"

"లేదు."

ఆయన నా ముఖం వైపు కూడా చూడలేదు. అడగవలసింది కనక అడిగాడంతే. నా మాట మీద ఆయనకు అనుమానమనేదే లేదు.

ఇంటికి వచ్చాక చూశాను. గుర్రం ఎడమ కంటి కింద వాచి, చర్మం చిట్లి ఉంది. కాళ్ళ నిండా కలబంద ముళ్ళ గీతలుండడం వల్ల, అదీ కంచె గీరినదే అనుకున్నాడు మామ. పసుపూ వేపాకూ నూరి పెట్టేవాడు. ఆ తర్వాత పది పన్నెండు రోజులు ఆయన చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్నచోట ఉండబుద్ధి కాదు. రోజూ అదే వేళకు గుర్రాన్ని చేత్తో నడిపించుకుని ఆ మోరీ దగ్గరికి పోయేవాడు. అక్కడికి పోగానే అది నిలువెల్లా వణికేది. అది ఎటు చూస్తోందో అటు చూసేవాడు. వంగి మోరీ కింద చూశాడు, నీళ్ళలో చూశాడు, కంప తొలగించి పాము పుట్ట ఉందేమోనని చూశాడు. దాని ఎత్తులో కనబడేదేమిటో చూద్దామని గట్టెక్కి నిలబడి చూశాడు. కాగితం ఏనాడో గాలికి ఎగిరిపోయింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు. సాయంత్రం వచ్చి వసారాలో కూర్చుని తనలో తాను అనుకునేవాడు, కనబడలేదే, కనబడలేదే అని. చేతికి కట్టుతో అదే వసారాలో రెండు గజాల దూరంలో నేను కూర్చుని ఉండేదాన్ని. రేపు చెబుదామనుకునేదాన్ని. మొదటి రోజు చెప్పకపోవడం సిగ్గు వల్ల. అయిదో రోజు చెప్పకపోవడం మొదటి రోజు చెప్పనందువల్ల. పదోరోజుకు, చెప్పవలసింది ఒక దెబ్బ కాదు, పది రోజుల మౌనం అయింది.

ఈలోగా బడి ఊరి నుంచి నలుగురు పెద్దలు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. కారణముంటే సరే, ఏ కారణమూ లేకుండా లేచే గుర్రమైతే పిల్లలు తిరిగే దారిలో ఎట్లని అడిగారు. వాళ్ళడిగిన దానిలో తప్పు లేదు. మామ దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం గుమ్మం లోపల నిలబడి వింటోంది. వాళ్ళు వెళ్ళాక ఆయన అత్తతో అన్న మాట నా చెవిన పడింది.

"నాకు తెలుసనుకుంటి. ఇంతకాలం నాకేమీ తెలీదనమాట."

వారం తిరక్కుండా గుర్రాన్ని మళ్ళీ కుప్పం తోలుకుపోయాడు, వచ్చినట్టే, నడిపించుకుంటూ. అక్కడ స్టేషను దగ్గరే ఇంకొక జట్కా మనిషికి ఇచ్చి, తలతాడు భుజాన వేసుకుని బస్సులో వచ్చాడు. ఆ సాయంత్రం అత్త అలవాటు కొద్దీ ఉలవలు నానబెట్టింది. పొద్దున అవి ఉబ్బి గిన్నె నిండా పైకి వస్తే ఆవుకు పెట్టారు. మొండి పశువులను పట్టుకుని ఎవరైనా వస్తే మామ చూసేవాడు కాడు. నాకు తెలీదప్పా, పశువుల డాక్టరు దగ్గరికి పోండి అని పంపేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు నిజం నోటి దాకా వచ్చేది. ఏడాదిలో నాకు బదిలీ అయింది, తర్వాత పెళ్ళయి మదనపల్లెకు వచ్చేశాను. దూరంగా ఉంటే చెప్పడం సులువవుతుందనుకున్నాను. చెప్పకపోవడమే సులువైంది.

ఆరేళ్ళ తర్వాత, ఎనభైలు మొదలయ్యాక, కంటి ఆపరేషను కోసం మామ మదనపల్లె వచ్చి మా ఇంట్లో దిగాడు. రెండు కళ్ళలోనూ పొరలు. ఒకటి చేసి కట్టు కట్టారు, రెండోదానితో ఎటూ సరిగా ఆనదు. పగలంతా కదలకుండా కూర్చోవాలి. నేను సెలవు పెట్టి, దగ్గర కూర్చుని వార్తలు చదివి వినిపిస్తుండేదాన్ని. ఒక మధ్యాహ్నం బయట ఎవరో తలుపు దడాలున వేస్తే ఉలిక్కిపడి, నవ్వుతూ, చూడకుంటే ఇంతే అమ్మణ్ణీ, అన్నిటికీ బెదరల్ల, పాపం అది ఎట్ల బతికిందో అన్నాడు. ఏదని నేను అడగలేదు. పేపరు మడిచి పెట్టాను. ఆయనకు నా ముఖం కనబడదన్న ధైర్యంతో మొత్తం చెప్పాను. ప్లాస్టిక్కు కాగితం, పగ్గాలు బిగించడం, చెర్నాకోల, అబద్ధం, అన్నీ.

తిడతాడని కాచుకుని కూర్చున్నాను. తిడితే బాగుండును.

"ఎన్ని దెబ్బలు?"

"ఒకటే మామా."

"యాడ తగిలింది?"

"ఎడమ కంటి కింద."

ఆ కంటి కింద తాను పసుపు పెట్టిన సంగతి గుర్తొచ్చిందేమో, ఆయన వేళ్ళు ఒళ్ళో కదిలాయి. తర్వాత ఆయన ముఖంలో నేను అనుకోనిది కనబడింది. కోపం కాదు, బరువు దిగిన మనిషి ముఖం అది.

"అయితే దాని తప్పు లేదు" అన్నాడు. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "ఆరేండ్లు నేను దాన్ని అనుమానించినానే" అన్నాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. తనను మాత్రం ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాడు. కట్టు విప్పి, చూపు కుదిరి, ఎండలో తిరగొచ్చని డాక్టరు చెప్పిన వారానికి, కుప్పం పోదాం పా అన్నాడు. వద్దనడానికి నాకేం హక్కుంది? ఇద్దరం బస్సెక్కాం. దారి పొడుగునా కొత్త కళ్ళద్దాల్లోంచి రోడ్డు చూస్తూ, ఈడ నీళ్ళు తాపినా, ఆ చింతమాను కింద పడుకుంటిమి అని చూపిస్తూ వచ్చాడు.

గుర్రం ఉంటుందని నేను అనుకోలేదు. ఉంది. స్టేషను బయట నాలుగే జట్కాలు మిగిలాయి, పక్కన ఆటోలు నిలబడి ఉన్నాయి. తెల్ల కాలు చూసి మామ ముందు గుర్తుపట్టాడు. అటూ ఇటూ కనబడకుండా కళ్ళ పక్కన తోలు రెక్కలు కట్టి ఉన్నాయి, నడుము కొంచెం దిగింది, కానీ డొక్కలు ఎండి లేవు. దాన్ని తోలే ఆయన మంచిమనిషే. మామను గుర్తుపట్టి, టీ తెప్పించి, గొప్పగా చెప్పుకున్నాడు.

"మొదట్లో బలే సతాయించిందన్నా. ఇప్పుడు సూడండి, రైలు కూసినా తల ఎత్తదు. అలవాటయిపోయింది. ఏం చేస్తాది?"

మామ చెప్పులు విడిచి, భుజం పక్క నుంచి దాని దగ్గరికి పోయాడు. మెడా వీపూ కలిసేచోట వేళ్ళు పెట్టి గోకాడు. అది కదల్లేదు. చెవి తిరగలేదు. అరచేయి ముందు పెడితే ఉప్పు కోసం నాకింది, ఎవరి చెయ్యయినా అట్లే నాకుతుందన్నట్టు. ఎడమ కంటి కింద వెంట్రుకలు మొలవని సన్నటి గీత. మామ బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమాడు. అంతలో బెంగుళూరు వైపు నుంచి రైలు కూస్తూ ప్లాటుఫారం మీదికి వచ్చింది. గుర్రం నిలబడినచోటే నిలబడి ఉంది. ఉలిక్కిపడింది మామే.

కావాలంటే తోలుకుపొమ్మని, ఇంకో రెండేళ్ళలో ఈ ఆటోల ముందు తనెట్లాగూ బండి ఆపేయవలసిందేనని అతను అన్నాడు. మామ ఆలోచించాడు. వద్దులేప్పా అన్నాడు. దానికి మళ్ళీ ఇంకొక దారి, ఇంకొక రాయి, ఇంకొక మోరీ ఎందుకని ఆయన అనుకున్నాడో, ఆ కదలని చెవులను రోజూ చూడలేననుకున్నాడో నాకు తెలియదు. అరగంట అట్లాగే దాని పక్కన ఎండలో నిలబడి, చెప్పులేసుకుని వచ్చేశాడు.

తిరుగు బస్సులో, పలమనేరు దాటాక, ధైర్యం చేసి అడిగాను, గుర్తుపట్టిందా మామా అని. ఏమో అన్నాడు. కొంతసేపటికి, అడగకుండానే, "బాగుండాదిలే" అన్నాడు. ఇంకొంతసేపటికి మళ్ళీ అదే మాటన్నాడు. ఊరు చేరాక, పశువులను పట్టుకొచ్చే వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడుతున్నాడని అత్త ఉత్తరం రాయించింది. అది చదివి నేను సంతోషించాను. ఆయనకు నమ్మకం తిరిగి వచ్చింది. గుర్రానికి రాలేదు.

మామ పోయి చాలా కాలమైంది, అత్తా పోయింది. ముప్పై ఏళ్ళు పైగా పాఠాలు చెప్పాను. బోర్డు దగ్గరికి పిలిస్తే కాళ్ళు కదలని పిల్లలు ఎంతోమంది వచ్చారు. వాళ్ళ ముందు నిలబడి ఎదురుచూడడం నాకు బాగా వచ్చిందని తోటి టీచర్లు మెచ్చుకునేవాళ్ళు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పేదాన్ని, ఎక్కడ తప్పానో చెప్పేదాన్ని కాను. ఆ వానాకాలపు పొద్దున, ఎవరూ రాని ఇన్‌స్పెక్షను కోసం, ఒక భయపడిన జీవానికి రెండు నిమిషాలు ఇవ్వలేకపోయాను. ఆ సంగతి నోటితో చెప్పడానికి మాత్రం నాకు నేనే ఆరేళ్ళు ఇచ్చుకున్నాను.